పెన్సిల్‌తో రాసిన జవాబులు

నా పేరు అబ్దుల్ సలాం. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ముప్ఫై ఏళ్లుగా పాత పుస్తకాలు అమ్ముతున్నాను. పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. గ్రూపులు, పోలీసు, బ్యాంకు, డి.ఎస్.సి., ఏ నోటిఫికేషన్ పడినా మర్నాడు పొద్దున్నే కుర్రకారు వచ్చి నా బల్ల మీద పడతారు. కొనేవాళ్లు తక్కువ, నిలబడి చదివేసి పోయేవాళ్లు ఎక్కువ. వాళ్లను తిట్టీ తిట్టీ నా గొంతు బొంగురుపోయింది. ఈ సెంటర్లో నన్ను కోపిష్టి సాయిబు అంటారు, అననీ. నేను చెప్పబోయేది నా సంగతి కాదు, జమ్మలమడుగు తబితా సంగతి. ఆమె కథలో నేను చేసిన తప్పొకటి ఉంది కాబట్టి నేనే చెప్పడం న్యాయం.

తబితా వాళ్లది మిషన్ కాలం నాటి క్రైస్తవ కుటుంబం. అంతకు ముందు తరాలన్నీ కూలిపనే. దొరల బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న ముత్తాత ఆ బడిలోనే పంతులయ్యాడు. ఆయన కూతురు సుందరమ్మ టీచరయింది. సుందరమ్మ కొడుకు జాన్సన్ మాస్టరు, తబితా తండ్రి. జమ్మలమడుగులో ఆయన బెత్తం రుచి చూడనివాళ్లు తక్కువ. అట్లా మూడు తరాలు చాక్‌పీసు పట్టి బతికిన ఇల్లు అది. తబితా కూడా టి.టి.సి. చేసింది, డిగ్రీ చదివింది, కానీ ఆమె దాకా వచ్చేసరికి ఉద్యోగం రాలేదు. పెళ్లయింది, కెరోలిన్ అని ఒక కూతురు. భర్త రవికుమార్ పులివెందులలో ఉండి, తుమ్మలపల్లె గనికి పనివాళ్లను తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. శనివారం రాత్రి ఇంటికొస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. ఆమెకు కావాల్సింది ఒకటే. ఒక తరగతి గది, అందులో పిల్లలు, వాళ్లకు తను టీచరు. పొలం అడగలేదు, నగలు అడగలేదు. ఆ ఒక్కదానికే పదేళ్లు కాళ్లరిగేలా తిరిగింది.

జాన్సన్ మాస్టరు ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం అన్నం తినే ముందు ప్రార్థన. ఇంట్లో ప్రతి ఒక్కరూ బైబిల్లోంచి ఒక వాక్యం కంఠతా చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, ఎన్నో అధ్యాయం, ఎన్నో వచనం, అది కూడా చెప్పాలి. అక్షరం తప్పినా మళ్లీ మొదట్నుంచి. ఆ లోపల కూర చల్లారిపోయినా ఆయన చలించేవాడు కాదు. అట్లా పెరిగిన పిల్ల సండే స్కూలు కంఠత పోటీల్లో ఏడేళ్లు వరసగా షీల్డు తెచ్చింది. అచ్చులో ఒకసారి చూసిందంటే ఇక అంతే, పేజీతో సహా బుర్రలో కూర్చుంటుంది.

ఆమె మొదటిసారి నా దుకాణానికి వచ్చింది 2016లో. జి.కె. పుస్తకం కావాలంది. నేను అడుగు వరసలోంచి లావుపాటి పుస్తకం ఒకటి లాగి దుమ్ము దులిపి ఇచ్చాను. అట్ట తిప్పి చూసింది. 2012 ముద్రణ.

"సలామన్నా, ఇది పాతది గదా" అంది.

"జి.కె. ఏమన్నా పాలా తబితమ్మా, విరిగిపోడానికి? గంగ యాడ పుట్టిందో అప్పుడూ ఆడే, ఇప్పుడూ ఆడే. రాష్ట్రం రెండు ముక్కలయింది, ఆ నాలుగు పేజీలు నువ్వే దిద్దుకో. కొత్తదానికి దుడ్లు దండగ" అన్నాను.

నా మాట నమ్మింది. ఇరవైమూడు జిల్లాలు కొట్టేసి పదమూడు అని రాసుకుంది, రెండువందల తొంభైనాలుగు శాసనసభ స్థానాలు కొట్టేసి నూటడెబ్బై ఐదు అని రాసుకుంది. మిగతాదంతా వాక్యం చదివినట్టే చదివింది. ఏడాది తిరక్కముందే పుస్తకం మొత్తం నోటికొచ్చేసింది. నా దుకాణం దగ్గర కుర్రాళ్లు పందేలు వేసేవాళ్లు. ఒకడు పుస్తకం తెరిచి, "అక్కా, నూటపన్నెండో పేజీ" అనేవాడు. ఆమె కళ్లు మూసుకుని, "ఎడమ పక్క నదులు, ఆనకట్టలు. కుడి పక్క జాతీయ పార్కులు" అని మొదలుపెట్టి ఆపకుండా చెప్పేది. నేను ఆ పుస్తకం రాసినవాడిలా మీసం తిప్పేవాణ్ణి. ఈమెకు ఉద్యోగం రాకపోతే ఇంకెవరికి వస్తుంది అని అందరితో అన్నాను.

2019 జనవరిలో డి.ఎస్.సి. పరీక్ష రాసింది. తర్వాత జవాబుల కీ వచ్చింది, మార్కులొచ్చాయి, జాబితా వచ్చింది. ఒక్క మార్కు తేడాతో పోయింది.

ఆ సాయంత్రం దుకాణానికి వచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నా, రెండు జి.కె. ప్రశ్నలు తప్పినా. రాష్ట్ర పక్షి, రాష్ట్ర పుష్పం. నేను పాలపిట్ట, కలువ అని పెట్టినా. కీలో రామచిలుక, మల్లె అని ఉండాది" అంది. అంతే చెప్పి జమ్మలమడుగు బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆమె పోయాక నిచ్చెన వేసి పై వరసలోంచి కొత్త పుస్తకం దించాను. 2018 ఆఖర్లో అచ్చయింది. తెరిచి చూస్తే రామచిలుక, మల్లెపువ్వు, రెండూ చక్కగా ఉన్నాయి. ఆ వేసవిలోనే ప్రభుత్వం మార్చిందట. పరీక్షకు ముందు రెండు నెలలు ఆ పుస్తకం నా నెత్తి మీద వరసలోనే ఉంది. దించి ఆమె చేతిలో పెట్టాలని నాకు తోచలేదు. ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. దిల్షాద్‌బీ, నా భార్య, విషయం విని, "ఈడ కూచోని మొగం మాడ్చుకుంటే ఏమొస్తాది? పోయి ఆ పాపకు చెప్పిరా" అంది. ఆమె కూడా నాతో వచ్చింది, నేను మధ్యలో మనసు మార్చుకుంటానని అనుమానం.

ఆదివారం, వాళ్ల చర్చి గుడిలో ప్రార్థన అయ్యాక వెళ్లాం. రవికుమార్ ఇంట్లోనే ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడే చెప్పేశాను. "తబితమ్మా, నేను పాత పుస్తకం అంటగట్టడం వల్లే నీకు ఉద్యోగం పోయింది. కొత్తది నా దగ్గరే ఉన్నింది. నన్ను ఏమన్నా అను."

రవికుమార్ నా వైపు కొరకొరా చూశాడు. తప్పేముంది, నేనైతే తన్నేవాణ్ణి.

తబితా మాత్రం తల అడ్డంగా ఊపింది. "నీ తప్పు కాదన్నా. రామచిలుక అని నేను పేపర్లో చూసినా. పరీక్షకు ఆర్నెల్ల ముందే చూసినా. పుస్తకంలో పాలపిట్ట అని ఉండాది గదా, పేపరోళ్లు తప్పేసినారులే అనుకుంటి. పరీక్షలో ఆ రెండూ పక్కపక్కనే కనబడినాయి. అప్పుడు కూడా పుస్తకమే నిజం అనుకుంటి."

చదువు రానివాడు ఇంత తప్పు చేయడు. పుస్తకం గురించి పట్టింపు లేనివాడు పేపర్లో చూసింది పెట్టి వచ్చేవాడు. అచ్చులో పడిన మాట అక్షరం మారదని చిన్నప్పటి నుంచి నమ్మిన మనిషే ఈ తప్పు చేయగలదు.

"మా నాయన నేర్పిన చదువులో జవాబు మారదన్నా. వెయ్యేండ్ల తర్వాత అడిగినా అదే. ఇది అట్లాంటి చదువు కాదు. రెంటినీ ఒకే తీరున చదివినా చూడు, అదీ నేను జేసిన పని" అంది. అప్పుడు ఏడ్చింది. దిల్షాద్‌బీ పోయి పక్కన కూర్చుంది.

తర్వాత వారం నుంచి తబితా పద్ధతి మార్చేసింది. ఆమె దగ్గర రెండు నోటు పుస్తకాలు ఉండేవి. వాక్యాల పుస్తకంలో పెన్నుతో రాసేది. జి.కె. పుస్తకంలో పెన్సిల్‌తో రాసేది, ప్రతి జవాబు పక్కన తేదీ వేసేది. ఏ రోజు పేపర్లో చూసి రాసిందో ఆ తేదీ. మారితే రబ్బరుతో చెరిపి కొత్త జవాబు, కొత్త తేదీ. గవర్నరు మారాడా, చెరుపు. రాష్ట్రాల సంఖ్య మారిందా, చెరుపు. మారనివి, కొండల పేర్లు, సముద్రాల పేర్లు, వాటికి కూడా పెన్సిలే. ఎందుకమ్మా అంటే, "ఏది మారతాదో ముందే ఎట్ల తెలుస్తాదన్నా" అనేది.

ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు. కానీ ఆమె అంతటితో ఊరుకోలేదు. శనివారం శనివారం నా దుకాణానికి వచ్చి, నా బల్ల మీదున్న పాత జి.కె. పుస్తకాలన్నీ ముందేసుకుని వాటిలో కూడా దిద్దడం మొదలుపెట్టింది. ఒక్క పైసా అడగదు. నేను గొడవ పెట్టుకున్నాను.

"నా సరుకు మీద గీతలు పెడతాండావు, ఎవరు కొంటారు దీన్ని?"

"తప్పులున్నవి అమ్మితే కొన్నోళ్ల గతేంది? నా మాదిరి ఇంకొకరు పోవాల్నా?" అంది, తలెత్తకుండానే.

ఆ మాట విని నేనే ఆమెకు స్టూలు తెచ్చి వేశాను. కొన్నాళ్లకు జరిగిందేమిటంటే, కొత్త పుస్తకం కొనలేని పిల్లలు వచ్చి, "అక్క దిద్దింది ఉందా?" అని అడిగి మరీ కొనుక్కుపోవడం మొదలుపెట్టారు. మా అన్న కూతురు మసరత్ అదే పుస్తకం చదివి ఆ ఏడాదే వార్డు సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకుంది. మిఠాయి పెట్టె పట్టుకుని ముందు తబితా దగ్గరికే పోయింది.

ఆ సచివాలయం పరీక్ష తబితా కూడా రాసి ఉండొచ్చు. రాసుంటే వచ్చేదే. రవికుమార్ బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆఖరికి నన్ను మధ్యవర్తిగా పిలిచాడు. "నువ్వన్నా చెప్పు సలామన్నా. గవర్నమెంటు ఉద్యోగం చేతికందేటప్పుడు వద్దంటే దాన్నేమనాల? మా కెరోలిన్ సదువుకు ఎవరు పెడతారు?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఆమె మాత్రం కదల్లేదు. "నాకు బడే కావాల" అంది. మొండిమనిషి. నాకూ కడుపు మండింది, ఆ నెలంతా ఆమెతో ముభావంగానే ఉన్నాను.

తర్వాత డి.ఎస్.సి. రాలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూనే మూడేళ్లు గడిచిపోయాయి. కరోనా వచ్చింది. ఆ రోజుల్లో తబితా ప్రతి పొద్దునా ఫోనులో పిల్లలకు పది ప్రశ్నలు పంపేది, గుడి వరండాలో దూరం దూరంగా కూర్చోబెట్టి చదువు చెప్పేది. ప్రైవేటు బళ్లలో మూడు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్లింది. ఒకచోట వయసు ఎక్కువన్నారు, రెండుచోట్ల ఇంగ్లీషు ధారాళంగా లేదన్నారు. నలభై దాటాక ఎవరికి మాత్రం వయసు తక్కువవుతుంది? జాన్సన్ మాస్టరు ఆ మధ్యనే పోయారు. పోయే ముందు కూడా "పాపకు బడి వచ్చిందా?" అని అడిగారట. ఆ సంగతి చెప్పినప్పుడు తబితా మొహంలో చూసిన దిగులు ఇంకెప్పుడూ చూడలేదు నేను.

2022 ఏప్రిల్ నాలుగో తేదీన రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. ఆ వారం తబితా నా దుకాణంలో కూర్చుని మూడు రబ్బర్లు అరగదీసింది. జిల్లాలు, ముఖ్యపట్టణాలు, ఏది పెద్దది, ఏది చిన్నది, అన్నీ చెరిపి అన్నీ మళ్లీ రాసింది. రబ్బరు పొడి ఊడ్వలేక నా నడుం పడిపోయింది.

ఆ జూన్‌లోనే రామాంజులు శెట్టి బడి సంగతి నాకు తెలిసింది. శెట్టిది ప్రొద్దుటూరులో పట్టుచీరల దుకాణం. ఊరికి మేలు చేయాలని ఒక ఇంగ్లీషు మీడియం బడి కూడా పెట్టాడు. ఆయనే కరస్పాండెంటు. ఏడో తరగతికి సోషల్, జి.కె. చెప్పడానికి టీచరు కావాలని చెప్పాడు. ఆ బడికి నోటు పుస్తకాలు ఏటా నేనే సరఫరా చేస్తాను. తబితాకు కబురు పెట్టాను.

శెట్టికి జి.కె. అంటే ప్రాణం. కుర్రతనంలో బ్యాంకు పరీక్ష రాయాలని చదువుకున్నాడట. వాళ్ల నాయన హాల్ టికెట్ బీరువాలో పెట్టి తాళం వేసి, కొడుకును దుకాణంలో కూర్చోబెట్టాడు. ఆ కసి ఆయనకు ఇంకా పోలేదు. టీచరు పోస్టుకు ఎవరొచ్చినా తనే స్వయంగా జి.కె. అడుగుతాడు. ముందు రోజు తబితాను పిలిచి మరీ చెప్పాను. "శెట్టి మంచోడే, కానీ ఆయన మాటకు ఎదురు చెప్తే పడదు. ఏమడిగినా సరే సార్ అను. ఇది నీకు నాలుగో ఇంటర్వ్యూ, గుర్తుపెట్టుకో."

ఇంటర్వ్యూ రోజు నేను కూడా బడిలోనే ఉన్నాను. నోటు పుస్తకాల కట్టలు దించి, శెట్టి సంతకం కోసం ఆయన గది గుమ్మం పక్కన నిలబడ్డాను. బళ్లు తెరవడానికి ఇంకా రెండు వారాలుంది, అంతా ఖాళీ. లోపల శెట్టి, ఆయన పక్కన ప్రిన్సిపాల్ చందన మేడమ్, ఎదురుగా తబితా.

చందన మేడమ్ ముందు ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలడిగింది. తబితా నిదానంగా, మాట మాటా వెతుక్కుంటూ చెప్పింది. తప్పులు లేవు, కానీ పరుగూ లేదు. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది.

అప్పుడు శెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రాజ్యాంగం అడిగాడు, నదులు అడిగాడు, దేశాల రాజధానులు అడిగాడు. తబితా తడుముకోకుండా చెబుతూ పోయింది. శెట్టికి హుషారు వచ్చేసింది. చేతులు రుద్దుకుంటూ, "శానా బాగా చెప్తాండావమ్మా. ఇదొకటి చెప్పు, అయిపోయింది. మన రాష్ట్రంలో వైశాల్యంలో అతి పెద్ద జిల్లా ఏది?" అన్నాడు. ఎవరొచ్చినా చివర్లో అదే అడుగుతాడని నాకు తెలుసు. మా రాయలసీమలో పుట్టిన ఎవరైనా నిద్రలో లేపినా చెప్పే జవాబు అది.

"ప్రకాశం సార్" అంది తబితా.

శెట్టి మొహంలో నవ్వు ఆరిపోయింది. "బాగా ఆలోచించి చెప్పమ్మా."

"ప్రకాశమే సార్."

"అనంతపురం గదమ్మా. మేం బళ్లో చదివేటప్పటి నుంచి అదే. యాభై ఏండ్ల నుంచి నాకు తెలిసిన సంగతి."

"మొన్న ఏప్రిల్ దాకా అనంతపురమే సార్. ఇప్పుడు కాదు."

నేను గుమ్మం బయట నుంచి చేత్తో సైగ చేశాను. సరే అనమని. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు ఆమె ఉద్యోగం ఎంత గుర్తుందో నా నోటు పుస్తకాల ఆర్డరు కూడా అంతే గుర్తుంది. తీసుకొచ్చింది నేనే కదా. తబితా నన్ను చూసింది. చూసి మళ్లీ శెట్టి వైపు తిరిగింది.

శెట్టికి కోపమొచ్చింది. ఫోను తీసి విజయవాడలో గ్రూపులకు కోచింగ్ తీసుకుంటున్న మనవడికి కలిపి, అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు. "ఒరే శ్రావణ్, మన రాష్ట్రంలో అతి పెద్ద జిల్లా ఏదిరా?"

"అనంతపురం తాతా. ఎవర్ని అడిగినా చెప్తారు" అన్నాడు శ్రావణ్.

శెట్టి తబితా వైపు చూశాడు. చందన మేడమ్ కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఇక అయిపోయిందనుకున్నాను. తబితా మాత్రం శెట్టినే అడిగింది.

"సార్, మీరు చీరలు ధర్మవరం నుంచి గదా తెప్పించేది. ధర్మవరం ఇప్పుడు ఏ జిల్లా సార్?"

శెట్టి నోరు తెరిచాడు. "పోయిన నెల సరుకొచ్చింది" అన్నాడు నెమ్మదిగా. "బిల్లు మీద శ్రీ సత్యసాయి జిల్లా అని ఏసినాడు. ఇదేందిరా, అడ్రసే తప్పుండాదని ఫోన్ చేసి తిట్టినా వాణ్ణి."

"ధర్మవరం, హిందూపురం, కదిరి, పెనుకొండ, అన్నీ ఆ జిల్లాలోకి పోయినాయి సార్. అనంతపురం సగానికి సగం తగ్గిపోయింది. అందుకే ఇప్పుడు ప్రకాశం పెద్దది."

ఫోను ఇంకా పెట్టేయలేదు. అందులోంచి శ్రావణ్ గొంతు వచ్చింది. "తాతా, ఇప్పుడే చూసినా. ప్రకాశమే. నేను పరీక్షలో అనంతపురం అని పెట్టేసేవాణ్ణి. ఎవరు తాతా చెప్పింది?"

శెట్టి ఫోను పెట్టేశాడు. తబితా వైపు తిరిగాడు.

"అమ్మా, నేను కోపం జేసుకోని నిన్ను పంపించేసుంటే ఏం జేసేదానివి?"

"పోయేదాన్ని సార్" అంది తబితా. "ఏడ్చుకుంటా పోయేదాన్ని. ఈ ఉద్యోగం నాకు శానా అవసరం. కానీ అనంతపురం అని మాత్రం చెప్పేదాన్ని కాదు సార్. ఈడ నేను సరే అంటే, రేపు పిల్లోళ్లకు కూడా అదే చెప్పాల్సొస్తాది. వాళ్లు పరీక్షలో అది రాసి పోగొట్టుకుంటారు. పోగొట్టుకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు."

చందన మేడమ్ రాసుకున్న కాగితాన్ని తిరగేసి పెట్టింది. శెట్టి కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "ఇప్పటికి ఎనిమిది మంది టీచర్లను తీసుకున్నా ఈ గదిలో. నేనడిగినదానికి అందరూ అనంతపురం అన్నారు. మొన్న మే నెలలో వచ్చిన ఇద్దరు కూడా అన్నారు" అన్నాడు. తర్వాత మేడమ్‌తో, "ఈమెకు ఏడో తరగతి రాయమ్మా. ఇంగ్లీషు నువ్వు దగ్గరుండి నేర్పించు" అన్నాడు. ఆపైన తబితా వైపు తిరిగి, "బళ్లు తెరిచే రోజు వచ్చేయమ్మా" అన్నాడు.

తబితా లేవలేదు. విన్నదో లేదో అని నాకు అనుమానం వచ్చింది.

"ఏమ్మా?" అన్నాడు శెట్టి.

"ఏ గది సార్?" అని అడిగింది.

శెట్టికి అర్థం కాలేదు. "ఏడో తరగతా? వరండా చివర్న. ఎందుకు?"

"ఒకసారి చూసొస్తా సార్."

ఆమె వెళ్లింది. నేను సంతకం మాట మరిచిపోయి వెనకే వెళ్లాను, కానీ గదిలోపలికి పోలేదు. వరండాలోనే ఆగిపోయాను. లోపల ఎవరూ లేరు. బెంచీలన్నీ ఒక మూలకు తోసి ఉన్నాయి. ఆమె గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ ఒక్కొక్కటిగా చూసింది. ఒక బెంచీ లాగి సరిగ్గా వేసింది. ఇంకొకటి లాగి దాని పక్కన వేసింది. నాకు ఏడుపొచ్చేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. మూడేళ్ల నుంచి గుండెలో ఉన్న బరువు ఆ వరండాలో దిగింది. కండువాతో మొహం తుడుచుకుని, ఆమె చూడకముందే శెట్టి గది దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

పావుగంట తర్వాత తబితా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చీర కొంగుకు దుమ్ము అంటి ఉంది. నేరుగా శెట్టి ముందుకు పోయి నిలబడింది.

"సార్, ఆ గదిలో ఎడమ పక్క కిటికీ రెక్క ఊడి ఏలాడతాండాది. గాలికి పిల్లోళ్ల మీద పడతాది. బళ్లు తెరిచేలోపల బాగు చేయించాల" అంది.

"ఉద్యోగమిచ్చి పావుగంట కాలేదు, అప్పుడే రెండో తప్పు పట్టినావే" అన్నాడు శెట్టి.

తబితా కదల్లేదు, నవ్వలేదు. జవాబు కోసం నిలబడింది. ఆమె నిలబడిన తీరు చూస్తే ఆ గది పదేళ్లుగా ఆమెదే అనిపించింది.

శెట్టి గట్టిగా ఊపిరి వదిలి నా వైపు తిరిగాడు. "సలాం, కిటికీ బాగుజేసేదానికి వడ్లాయన నంబరు ఉండాదా నీ దగ్గర?" అన్నాడు.